ఉస్తాదు కత్తి దించిన రోజు

మెడలో ఈల, కాళ్లకు తెల్ల బూట్లు, గొంతులో కాస్త గర్జన ఉంటే డ్రిల్లు మాస్టారు తయారైనట్టేనని మీరనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుని పద్దెనిమిదేళ్లు నెట్టుకొచ్చాను. పోయిన ఏడాది నా కుడి మోకాలు నన్ను అడగకుండానే ఉద్యోగం మానుకుంది. అది లేకుండా నేనొక్కణ్ణీ మైదానానికి వెళ్లి చేసేదేముందని నేనూ మానుకున్నాను. నలభై నాలుగేళ్లకే పింఛను తీసుకుంటున్న మొనగాణ్ణి కరీంనగర్ జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణేనని మా వీధివాళ్లు అంటారు. అనకపోతే నేను అనిపిస్తాను.

మీలో కొందరు నా దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నవాళ్లే. ఇప్పుడు మీరూ ఊరూరా మాస్టర్లయి, మీ పిల్లలకు ‘అడ్డు’, ‘జవాబు’, ‘ధోకా’ అని నేర్పుతున్నారట. అవి మా సారు పుట్టించిన మాటలని గొప్పగా చెబుతున్నారట కూడా. సంతోషం. కానీ ఆ మాటలు నావి కావు. అవి ఎవరివో, నా నోట్లోకి ఎలా వచ్చాయో చెప్పడానికే ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను.

అప్పటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. పోలీసు చర్య జరిగి రెండు మూడేళ్లయి ఉంటుంది. వేములవాడ పక్క పల్లెవాణ్ణి, నన్ను తీసుకెళ్లి ఆదిలాబాద్ హైస్కూల్లో వేశారు. ఆ ఊళ్లో గాలి కూడా తెల్లగా ఉంటుంది. జిన్నింగు మిల్లులు నడిచే కాలంలో మనిషి ఒక వీధిలో నల్ల మీసాలతో బయలుదేరి, రెండో వీధిలో నెరిసిన మీసాలతో తేలతాడు. నేను చేరిన వారానికే మూడుసార్లు ముసలివాణ్ణయి, మూడుసార్లు దులుపుకుని పడుచువాణ్ణయ్యాను.

చేరిన ఏడాదే కత్తి ఆట నేర్చుకు రమ్మని పన్నెండు రోజుల శిక్షణకు హైదరాబాద్ పంపారు. కత్తులు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. వచ్చాక వాటి గొప్పతనం గురించి మూడు రోజులు ఉపన్యాసాలు జరిగాయి. పన్నెండో రోజు తలా ఒక కత్తి చేతికిచ్చి, ఫొటో తీసి, వెళ్లి రమ్మన్నారు. ఏ కొస పట్టుకోవాలో మాత్రం క్షుణ్ణంగా నేర్చుకున్నాను. రెండు కత్తులు, రెండు జాలీ ముసుగులు, ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం. ఈ సంపదతో, ఏడు రాజ్యాలు గెలిచి వచ్చిన సేనాపతిలా ఆదిలాబాద్‌లో దిగాను.

కత్తి అన్నానని భయపడకండి. దానితో వంకాయ కూడా తెగదు. మూడడుగుల సన్న ఉక్కు చువ్వ. అంచు ఉండదు, మొనకు చిన్న గుండీ ఉంటుంది. నరకడం లేదు, పొడవడమే. మెడ దిగువ నుంచి నడుము దాకా ఎదుటివాడి మొండెం మీద ఎక్కడ ఆ గుండీ తాకినా ఒక దెబ్బ. ముందు అయిదు దెబ్బలు తాకించినవాడిది గెలుపు. ఆట ఇంతే. మిగతాదంతా ఆ తాకించడానికి పడే తిప్పలు.

అందులో ఒక అడుగు ఉంది. ముందు కాలు సాచి, వెనక కాలు తన్ని, మనిషి మొత్తం బాణంలా పోతాడు. దాని ఇంగ్లీషు పేరు తెలుగు చెవికి పచ్చి బూతు. మొదటి రోజే మైదానంలో నేనా పేరును నా గర్జనతో పలికేసరికి అరవై మంది పిల్లలు కింద పడి దొర్లారు. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి తల బయట పెట్టారు. ఆ క్షణమే దానికి ‘దూకు’ అని పేరు పెట్టాను. ఈ ఆటకు నేను స్వయంగా ఇచ్చిన మాట అదొక్కటే. దాన్ని మాత్రం నాదని నిర్భయంగా చెప్పుకోండి.

దెబ్బ ఆపే కోట్లు సర్కారు ఇవ్వలేదు. ఆదిలాబాద్‌లో పత్తికి కొదవా అని పరుపులు కుట్టే దూదేకులాయన దగ్గరికి వెళ్లాను. ఆయన జన్మలో అలాంటి కోటు చూడలేదు. ఆయనకు తెలిసిన కొలత పరుపు కొలతే. రెండు పరుపులకు చేతులు కుట్టి ఇచ్చాడు. అది తొడుక్కుంటే నిలబడే నిద్రపోవచ్చు, ఎద్దు కుమ్మినా కల అనుకోవచ్చు. కుడి చంక కింద నాడాలతో కట్టుకునే చోట మాత్రం బెత్తెడు సందు ఉండేది. అక్కడ దూది లేదు, ఒట్టి చొక్కానే.

ముసుగు, పరుపు వేసుకుని, నేను మైదానంలో ఒంటరిగా గాలిని పొడుస్తుంటే, మిల్లు దారిన పోయేవాళ్లు బడిలో తేనెపట్టు దించుతున్నారని అనుకుని దూరం నుంచే చుట్టు తిరిగి పోయేవాళ్లు.

ఒక సాయంత్రం అలా గాలితో హోరాహోరీగా పోరాడి, దాదాపు ఓడిపోయే స్థితిలో ఉన్నాను. మా బడి చప్రాసి వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు. గంట కొట్టే కొయ్య సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. యాభై దాటిన మనిషి. బోథ్ దగ్గర పల్లె. నైజాం గుర్రపు ఫౌజులో దఫేదారుగా చేసి, ఫౌజు ఎత్తేశాక ఈ గంట దగ్గరికి వచ్చి పడ్డాడు. నీళ్ల బిందె ఎత్తినా, చెత్త ఊడ్చినా ఆయన వెన్ను మాత్రం గుర్రం మీద కూర్చున్నట్టే నిలబడి ఉండేది.

"ఏంది, చూస్తున్నవ్?" అన్నాను దర్జాగా.

"ఏం లేదు సార్. దాన్ని రోకలి పట్టినట్టు పట్టిండ్రు. పాపం, పరేషాన్ అయితుంది."

"కత్తి పరేషాన్ అయితదా?"

"మీ చెయ్యి గూడ అయితుంది. పత్తి ఏరేటోళ్లను చూసిండ్రా? కాయ గీరుకోకుంట రెండు వేళ్లతోటి దూదిని మెల్లగ గుంజుతరు. గట్ల పట్టుకోవాలె. తక్కిన మూడు వేళ్లు ఊకె తోడు వస్తయి."

"నీకెట్ల ఎరుక?"

"ఫౌజుల ఒక దొర నేర్పిండు. జర అట్ల నిలబడుండ్రి."

నా చేతిలో మూడడుగుల కత్తి. ఆయన చేతిలో జానెడు సుత్తి. లెక్క ప్రకారం ఆయన నా దరిదాపులకు రాకూడదు. మొదటిసారి సుత్తి నా పొట్టను తాకింది. రెండోసారి గుండెను తాకింది. మూడోసారి ఎక్కడ తాకిందో నాకు తెలియదు కానీ, నేను నేల మీద కూర్చుని ఉన్నాను.

"నాకు నేర్పుతవా?" అని కింద నుంచే అడిగాను.

ఆయన చెయ్యిచ్చి నన్ను లేపాడు. "పొద్దుగాల రాండ్రి. గానీ షరతు ఉంది సార్. గంట కొట్టినంక మీరు సారు, నేను చప్రాసి. గంట కొట్టక ముందు నేను ఉస్తాదు. అప్పుడు నన్ను మీరు అనాలె. నేను నువ్వు అంట. తిట్టుత గూడ."

ఆ షరతు ఆయన పొల్లుపోకుండా నిలబెట్టుకున్నాడు, ముఖ్యంగా చివరి ముక్క.

ఎనిమిది నెలలు, కోళ్లకంటే ముందు నేనే ఆ ఊరిని నిద్ర లేపాను. బడి వెనక సున్నంతో గీత గీసి, దాని మీద నన్ను ముందుకూ వెనక్కూ నడిపించేవాడు. ఎంత నడిచానంటే, గీత తిన్నగా ఉండబట్టి గానీ లేకపోతే కరీంనగర్ చేరి ఉండేవాణ్ణి.

"అరే పోరడా, చెయ్యి పోయినంక కాలు పోవాలె! నీది కాలు ముందుగాల ఉరుకుతుంది, పెండ్లిల బంతికి ఉరికినట్టు."

"పోనిస్తున్న గద ఉస్తాద్!"

"నోరు గాదు, చెయ్యి పోనియ్యి. మల్ల చెప్తున్న, ఇను. ఎదుటోడు పొడ్వ వస్తుండు. నువ్వు గూడ పొడిస్తె ఏమైతది? ఇద్దరు సస్తరు. అది బహాదుర్తనం గాదు, బేవకూఫ్‌తనం. ముందుగాల వాని కత్తికి నీ కత్తి అడ్డం పెట్టు. గది అడ్డు. అడ్డు పెట్టినంకనే నీ వంతు. ఎంబడే తిరిగి పొడువు. గది జవాబు. సవాల్ ఇనకుంట జవాబు చెప్తె మీ బడిల మార్కులు ఇస్తరా?"

"ఇయ్యరు ఉస్తాద్."

"మరి? ఇగ ధోకా అంటె, ఇటు పొడుస్తనని చూపెట్టి అటు పొడుచుడు. అది నీకు జల్ది రాదు. ఎటు పొడుస్తవో నీ మొకం ముందే డప్పు గొట్టి చెప్తుంది."

మంచి దెబ్బ పడితే మాత్రం ఏమీ అనేవాడు కాదు. ముసుగు తీసి, దాని జాలీకి పట్టిన దూది పింజలను ఊదుకుంటూ నవ్వేవాడు. ఆ నవ్వు కోసం నేను మర్నాడు ఇంకో అరగంట ముందు లేచేవాణ్ణి. తర్వాత గోడ దగ్గర కూర్చుని ఒక్క కప్పు చాయ్‌ని సాసర్లో సగం, కప్పులో సగం చేసుకుని తాగేవాళ్లం. కప్పు నాది, సాసరు ఆయనది. చాయ్ అవగానే లేచి వెళ్లి గంట కొట్టేవాడు. మోత ఆగకముందే నా ముందుకు వచ్చి, ముఖంలో ఒక్క గీత కదలకుండా, "నమస్తే సార్" అనేవాడు. అరనిమిషం కింద నన్ను గాడిద కొడుకా అన్న మనిషి! ఈ వేషం మార్పు చూసి నవ్వాపుకోవడం నాకు కత్తి ఆటకన్నా కష్టంగా ఉండేది.

ఆయన అన్నిటికన్నా ముందు నేర్పిన సంగతిని ఇప్పుడు చెబుతున్నాను. ఎందుకంటే నేను తప్పింది దాంట్లోనే.

కత్తి మొన రెప్పపాటులో తాకి వెనక్కి పోతుంది. పక్కన నిలబడి చూసేవాడి కంటికి అది దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. తాకిందని నిక్కంగా తెలిసేది ఒక్కడికే, దెబ్బ తిన్నవాడికి. అందుకని వాళ్ల ఫౌజులో ఒక కట్టుబాటు. దెబ్బ తిన్నవాడు తాకిన చోట ఎడమ చెయ్యి పెట్టి, అందరికీ వినపడేలా "తాకింది" అనాలి. కొట్టినవాడు మాత్రం ఎన్నడూ నోరెత్తకూడదు. వాడు కత్తి దించి ఎదురుచూడాలి, అంతే.

"తిన్నోడు చెప్పకుంటె?" అని అడిగాను మొదటి రోజుల్లో.

"చెప్పకుంటె చెప్పకపాయె. ఎవడేం జేస్తడు?" అన్నాడు ఉస్తాదు. "గానీ వానితోటి మల్ల ఎవ్వడు కత్తి పట్టడు."

ఇప్పుడు పరదేశాల్లో కత్తికి కరెంటు తీగ కట్టి, తాకగానే దీపం వెలిగేలా చేశారని పేపర్లో చదివాను. నాకా రోజుల్లో ఆదిలాబాద్‌లో అలాంటి దీపం ఒక్కటి ఉండి ఉంటే!

ఆ ఏడాది ఆఖరులో కరీంనగర్ నుంచి ఒక కాగితం వచ్చింది. అక్కడ డ్రిల్లు మాస్టర్ల శిక్షణ కేంద్రం పెడుతున్నారు. కత్తి నేర్పే ఉస్తాదు కావాలి. చదువు లేకపోయినా ఫరవాలేదు, చెయ్యి తెలిసినవాడైతే చాలు. నేను కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గారి గదిలోకి అక్షరాలా దూకాను. ఆయన షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ మూడో గుండీ దగ్గర ఆగిపోయారు.

"గంట కొట్టేటాయనను పై దొర ముంగట నిలబెడ్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఒక్క పొద్దుగాల వచ్చి చూడుండ్రి సార్. మీకు నచ్చకుంటె ఆయన బదులు నేనే గంట కొడ్త."

ఆయన వచ్చారు. పావుగంట చూశారు. వెళ్తూ వెళ్తూ, "గీయన గంట కొట్టుడేందయ్యా!" అని తనలో తాను అనుకున్నారు. ఆ రోజే పై అధికారికి రాశారు. జవాబు వచ్చింది. అధికారి తనిఖీకి వచ్చినప్పుడు స్వయంగా చూస్తాడు. శిక్షణ పొందిన మాస్టరుతో, అంటే నాతో, అయిదు దెబ్బల ఆట. ముసలాయన గెలిస్తే కరీంనగర్ తీసుకుపోతాడు. లేదంటే లేదు.

ఈ సంగతి చెబితే ఉస్తాదు చాయ్ సాసరు కింద పెట్టాడు.

"నాకెందుకు బిడ్డా? గంట నాకు బువ్వ పెడ్తుంది."

సాసరు అంచు తుడుస్తూ మళ్లీ ఆయనే అన్నాడు. "గానీ నా చెయ్యికి ఎరుకైంది నాతోటే మన్నుల పోతదని ఒక్కటే ఫికర్. ఫౌజుల నాతోటి ఆడినోళ్లు ఎటోళ్లు అటు పోయిండ్రు. నీ అసుంటోళ్లు ఇరవై మంది దొరికితె..." మాట అక్కడే ఆపేశాడు. ఆయన ఏదైనా కావాలనడం నేను వినడం అదే మొదలు, అదే తుది.

"ఇంకోటి ఇను. నాకోసమని ఓడిపోకు. దొర కనిపెడ్తడు. నాకు గూడ ఇజ్జత్ గాదు. నిండుగ ఆడు."

"సరే ఉస్తాద్" అన్నాను. నేనెంత నిండుగా ఆడినా ఎన్నడూ రెండు దెబ్బలకు మించి తాకించింది లేదు. ఇక ఫికరెందుకు?

ఆ రోజు వచ్చింది. బడి పిల్లలు, పంతుళ్లు, మిల్లు కూలీలు, పత్తి బండ్లవాళ్లు, బండ్ల ఎడ్లు. పెన్‌గంగ ఏటి అవతలి నుంచి కూడా జనం వచ్చారని నా అంచనా. మరాఠీలో కూడా నన్ను ఎగతాళి చేయడం నేను చెవులారా విన్నాను. అధికారి మాకు ఒక పక్కగా, నాకు ఎడమ వైపున, కుర్చీలో కూర్చున్నాడు. దెబ్బలు లెక్కపెట్టేది ఆయనే. ఉస్తాదు పాత ఫౌజు బూట్లకు దీపం మసి, ఆముదం కలిపి రుద్ది, అద్దాల్లా చేసుకుని వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. ఆ పరుపు కోటు కూడా ఆయన ఒంటి మీద రాజుగారి అంగరఖాలా ఉంది. నా ఒంటి మీద పరుపులాగే ఉంది.

సలాం చేసుకున్నాం. మొదలుపెట్టాం. మొదటి రెండు దెబ్బలూ నేనే తిన్నాను. రెండుసార్లూ చెయ్యి పెట్టి "తాకింది" అని అరిచాను. తర్వాత ఏమైందో నాకు ఈనాటికీ అర్థం కాదు. బహుశా ఆ నున్నటి బూట్లు జారుతున్నాయేమో. బహుశా ఆయన చేతికి ఆశ బరువైందేమో. లేదా ఎనిమిది నెలల తిట్లన్నీ కలిసి ఆ ఒక్కరోజు నాలో పనిచేశాయేమో. నా కాలు చెయ్యి వెనకే పోయింది. నా ధోకా పారింది. ఒకటి, రెండు, మూడు. ఉస్తాదు ప్రతిసారీ చెయ్యి పెట్టి గట్టిగా "తాకింది" అన్నాడు. జాలీ లోపల నవ్వుతున్నాడని నాకు తెలుసు. చెరో నాలుగు అయ్యాయి.

పిల్లలు "మాస్టర్ సాబ్! మాస్టర్ సాబ్!" అని గొంతులు చించుకుంటున్నారు. నన్ను అంతకు ముందు ఎవరూ అలా పిలవలేదు. తర్వాత కూడా పిలవలేదు.

నేను దూకాను. ఆయన అడ్డు పెట్టాడు. జవాబు వచ్చింది. ఎప్పుడూ గుండె మీదికి వచ్చే జవాబు ఈసారి నా చేతి కింది నుంచి వచ్చి, చంక దిగువన నాడాల సందులో నేరుగా పక్కటెముకను తాకింది. తాకి, చువ్వ విల్లులా వంగింది కూడా. ఎడమ వైపు కూర్చున్న అధికారికి నా రొమ్ము మీది పరుపు తప్ప ఏమీ కనపడలేదు. అది అయిదో దెబ్బ. కరీంనగర్ ఆయనదే.

ఉస్తాదు కత్తి దించి నిలబడ్డాడు.

నేను నోరు తెరిచాను. మూడక్షరాలు. ఎనిమిది నెలల్లో కొన్ని వేలసార్లు అన్న మాట. ఊపిరి పీల్చుకుని అందామనుకున్నాను. ఆ ఊపిరిలోకి పిల్లల అరుపులన్నీ వచ్చాయి.

"ఏమైంది? ఎందుకాగిండ్రు? ఆడుండ్రి!" అన్నాడు అధికారి.

నా చెయ్యి పోయింది. దాని వెనక నా కాలు పోయింది. ఆయన నేర్పినట్టే, వంక పెట్టడానికి లేకుండా పోయాయి. కత్తి దించి, నావైపు చూస్తూ నిలబడి ఉన్న మనిషి రొమ్ము నడిమధ్య నా మొన తాకింది.

ఒక్క క్షణం ఆయన కదల్లేదు. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"తాకింది!" అన్నాడు. మిల్లు దాకా వినపడింది.

నన్ను భుజాల మీద ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. అంతటి బరువైన కోటుతో సహా ఎత్తారంటే ఆ పిల్లల బలం మెచ్చుకోవాలి. పైనుంచి చూస్తే, ఉస్తాదు ముసుగులు రెండూ తుడిచి, సంచిలో సర్ది, గంట దగ్గరికి నడిచి పోతున్నాడు. వెన్ను మాత్రం నిలువుగానే ఉంది.

మర్నాడు తెల్లవారకముందే సున్నపు గీత దగ్గరికి వెళ్లాను. కాళ్ల మీద పడదామనుకున్నాను. పడటానికి ఆ కాళ్లు రాలేదు. తెల్లవారింది, గంట మోగింది, ఆయన వచ్చి "నమస్తే సార్" అన్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. "ఉస్తాద్" అని నేను పిలిస్తే, "చెప్పుండ్రి సార్" అనేవాడు. చాయ్ తెస్తే కప్పు నాకిచ్చి, సాసరు కప్పు కిందే ఉంచి పోయేవాడు. కోపం లేదు, మూతి ముడుచుకోవడం లేదు. ఒక్క తిట్టు కోసం ఎన్ని వేషాలు వేశానో! కావాలని కత్తిని రోకలిలా పట్టుకుని ఆయన ముందు నుంచి నడిచాను. ఆయన వాకిలి ఊడ్చుకుంటున్నాడు.

మూడో రోజు హెడ్మాస్టరు గారికి మొత్తం చెప్పేశాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ఎవరన్న చూసిండ్రా?"

"లేదు సార్."

"మరి నీకెందుకయ్యా ఈ లొల్లి? దొరకు రిపోర్టు పోయింది. ఆయన బదులు నిన్నే కరీంనగర్ తోలుమన్నడు. ఇప్పుడు గిట్ల అంటె నీతోటి నేను గూడ అబద్ధమోణ్ణయిత. పో, మూట సర్దుకో."

అవును. ఉస్తాదు కోసం పుట్టిన ఉద్యోగం నాకొచ్చింది. కాదనే ధైర్యం నాకుంటే మూడక్షరాల దగ్గరే ఉండేది. వెళ్లేటప్పుడు ఉస్తాదు నా పెట్టె మోసుకొచ్చి బస్సులో పెట్టాడు. వద్దంటే వినలేదు, చప్రాసి పని అన్నాడు.

కరీంనగర్‌లో నేను మంచి పేరే తెచ్చుకున్నాను. నేర్పేటప్పుడు నా నోట్లోంచి ఆయన మాటలే వచ్చేవి, ఆయన తిట్లతో సహా. నేర్చుకునే కుర్రాడెవరైనా దెబ్బ తిని నోరు మూసుకుంటే మాత్రం వాణ్ణి మైదానం చుట్టూ ఇరవైసార్లు పరిగెత్తించేవాణ్ణి. మా సారుకు ఎంత నిజాయితీయో అని మీరు చెప్పుకునేవాళ్లు. ఆ ఇరవై చుట్లలో పందొమ్మిది నావి. తప్పు కడుక్కోవడానికి వేములవాడ గుడిలో రాజన్నకు కోడె కూడా కట్టాను. నేను మొక్కు చెబుతుంటే ఆ కోడె నావైపు ఒకసారి చూసి, మొహం పక్కకు తిప్పుకుంది. అబద్ధమంటే నా మోకాలి మీద ఒట్టు.

ఆరేళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మా కేంద్రానికి ఇంకో కత్తి ఉస్తాదు కావలసి వచ్చింది. అప్పుడు కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. "ఆయన వస్తానంటే తీసుకురా" అని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, ప్రతి మైలుకూ ఒకసారి తడిమి చూసుకుంటూ, ఇచ్చోడ దగ్గర బస్సు దిగి, పత్తి తోలుకొచ్చి ఖాళీగా తిరిగిపోతున్న ఎడ్లబండి ఎక్కి బోథ్ వైపు వెళ్లాను.

ఉస్తాదు గంట పని మానేసి పల్లెకు వచ్చేసి చాలా రోజులైంది. ఇంటి ముందు మంచంలో కూర్చుని పత్తిలోంచి ఆకు చెత్త ఏరుతున్నాడు. చూపుతో కాదు, వేళ్లతో. నేను దగ్గరికి వెళ్లి నిలబడేదాకా నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవలు?"

"నేను ఉస్తాద్."

"సారా!" అని లేచాడు. "కూసోండ్రి, కూసోండ్రి. కండ్లల్ల పొర వచ్చింది సార్. మనిషి మసక మసకగ అవుపిస్తుండు. ముందుగాల చాయ్ తాగుండ్రి."

కాగితం చదివి వినిపించాను. కళ్ల పని నేను చేస్తాను, మీరు పక్కన నిలబడి తిడితే చాలన్నాను. ఆయన మెల్లగా నవ్వాడు.

"మొన అవుపియ్యనోడు ఏం నేర్పుతడు సార్? ఊకె కూసోని జీతం తినుడా? వద్దు. అడిగిండ్రు, గదే శానా."

ఇక నేను ఆగలేకపోయాను. "ఆ దినం మీ దెబ్బ తాకింది ఉస్తాద్. ఇగో గీడ. నేను చెప్పలే."

"నాకు ఎరుకనే సార్. నా చెయ్యికి ఎరుక గాదా? దూదికి తాకితె ఒక తీరు, పక్క బొక్కకు తాకితె ఒక తీరు."

"తిట్టుండ్రి మరి! ఆరేండ్లసంది ఒక్క మాట తిట్టకపోతిరి!"

ఆయన వేళ్లు పత్తిలో ఆగాయి.

"మిమ్ముల తిట్టుడేంది సార్? తప్పు నాది గూడ ఉంది. దొర ‘ఆడుండ్రి’ అన్నడు. ఆట నడుస్తుంది. ముంగట మొన ఉంది. నేను కత్తి ఎత్తాలె గద? ఎత్తలే. చెప్తడు, ఇప్పుడు చెప్తడు అని చూసుకుంట నిలబడ్డ. ఇరవై ఏండ్లు ఫౌజుల నేర్చుకున్నదంత ఒక్క పోరని మీది పాయిరంతోటి మర్చిపోయిన. శానా మంచి పోరడు ఉండె."

ఆ పోరడెవరో తనకు తెలిసినవాడు, ఎప్పుడో చిన్నతనంలో పోయినవాడు అన్నట్టు చెప్పాడు. ఎదురుగా మంచంలో కూర్చుని నేను చాయ్ తాగుతున్నాను. నాకూ ఆ పోరణ్ణి ఒక్కసారి చూడాలనిపించింది.

చీకటి పడకముందే వెళ్లండని ఆయనే బండి మాట్లాడి ఎక్కించాడు. ఇచ్చోడ దాకా దారిలో ఆ మాటను తిరగేసి మరగేసి చూసుకున్నాను. నా తప్పులో సగం ఆయన తీసుకున్నాడు. మొదట్లో నాకు హాయిగానే అనిపించింది, దాచడమెందుకు? తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ, ఆ సగం ఆయన దగ్గర ఉండకూడదనిపించింది. అది నాది. మొత్తం నాదే ఉస్తాద్, నమ్మడం తప్పు కాదు, ఇచ్చేయండి అని అడగాలనుకున్నాను. ఆ ఒక్క మాట కూడదీసుకోవడానికి నాకు, కరీంనగర్ జిల్లాలోకెల్లా మొనగాడికి, పదేళ్లు పట్టింది.

పోయిన చలికాలంలో కుంటుకుంటూ బయలుదేరాను. ఇప్పుడు బోథ్ దాకా రోజూ బస్సు పోతోంది. అక్కడి నుంచి పల్లెకు నడిచాను. ఎవరినడిగినా ఇల్లు చూపించారు. పత్తి వాకిట్లో ఆరబోసి ఉంది. ఏరడానికి ఆయన ఇక లేడు.